శ్రోతలే కృతిభర్తలు: ‘ఇంజిన్ ఆఫ్ ఎ మిలియన్ ప్లాట్స్’ – స్వతంత్ర క్రైస్తవ రాక్ సంగీతచరిత్రలో ఒక ఘట్టం

వ్యాససంగ్రహం:
అమెరికాలో 1960ల చివర రూపుదిద్దుకొన్న క్రైస్తవ రాక్ సంగీతం కాలక్రమంలో ఒక ప్రత్యేక విపణిగా స్థిరపడింది. ఏది ‘క్రైస్తవ’ సంగీతమో నిర్ణయించే అధికారం ఆ విపణిలోని సంస్థల చేతికి వచ్చింది. ఈ నేపథ్యంలో డెన్వర్ నగరానికి చెందిన ‘ఫైవ్ ఐరన్ ఫ్రెంజీ’ బృందం శ్రోతల విరాళాలతో 2013లో స్వతంత్రంగా విడుదల చేసిన ‘ఇంజిన్ ఆఫ్ ఎ మిలియన్ ప్లాట్స్’ ఆల్బమ్ ప్రాధాన్యాన్ని, ఆ స్వాతంత్ర్యానికి ఉన్న పరిమితులను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: క్రైస్తవ రాక్, స్కా, కృతిభర్త, స్వతంత్ర విడుదల, సామూహిక విరాళం, విశ్వాసం.

1. ఉపోద్ఘాతం:
తెలుగు కావ్యసంప్రదాయంలో కృతికర్తతో పాటు కృతిభర్తకూ స్థానం ఉంది. అల్లసాని పెద్దన మనుచరిత్రను శ్రీకృష్ణదేవరాయలకు అంకితమిచ్చాడు. పోతన భాగవతాన్ని శ్రీరామునికి అంకితం చేశాడు. రచన ఎవరి పోషణలో వెలువడిందన్న ప్రశ్న, అందులో ఏమి చెప్పడానికి వీలు కలిగిందన్న ప్రశ్నతో ముడిపడి ఉంటుంది. రికార్డింగ్ యుగంలో ఈ పోషకస్థానం చాలావరకు సంగీతసంస్థలకు దక్కింది. స్టూడియో ఖర్చు, ముద్రణ, పంపిణీ, ప్రచారం అన్నీ వాటి ఆధీనంలోనే ఉండేవి. ఆ స్థానంలోకి శ్రోతలు వచ్చినప్పుడు కృతి స్వభావంలో ఏ మార్పు వస్తుందో తెలుసుకోవడానికి పై ఆల్బమ్ అనువైన ఉదాహరణ.

2. క్రైస్తవ రాక్ – ఆవిర్భావం, విపణి:
1960ల చివర కాలిఫోర్నియా కేంద్రంగా హిప్పీ యువతలో ‘జీసస్ ఉద్యమం’ వ్యాపించింది. లారీ నార్మన్ 1969లో కాపిటల్ సంస్థ ద్వారా వెలువరించిన ‘అపాన్ దిస్ రాక్’ను తొలి క్రైస్తవ రాక్ ఆల్బమ్‌గా పలువురు పరిగణిస్తారు. మరుసటి ఏడాదే ఆయన ‘స్ట్రీట్ లెవెల్’ను సొంత లేబుల్‌పై విడుదల చేశాడు. అంటే స్వతంత్ర విడుదల ఈ సంగీతానికి కొత్తది కాదు, దాని బాల్యం నుంచీ తోడుగా ఉన్నదే.

అయితే తరువాతి రెండు దశాబ్దాలలో పరిస్థితి మారింది. క్రైస్తవ పుస్తకశాలలు, రేడియో కేంద్రాలు, పురస్కారాలు కలిసి ఒక ప్రత్యేక విపణి ఏర్పడింది. 1992లో స్పారో సంస్థను ఇ.ఎం.ఐ., వర్డ్ సంస్థను థామస్ నెల్సన్ సంస్థ కొనుగోలు చేయడం ఆ విపణి ఎంత లాభసాటిగా ఎదిగిందో సూచిస్తుంది. 1990ల చివర గాస్పెల్ మ్యూజిక్ అసోసియేషన్ తన డవ్ పురస్కారాల అర్హత కోసం పాటల సాహిత్యం ఆధారంగా ఒక నిర్వచనాన్ని రూపొందించింది. బైబిలు సత్యం, ఆరాధన, సాక్ష్యం, క్రైస్తవ దృక్పథం వంటివి అందులో ప్రమాణాలయ్యాయి. మిగిలిన రాక్ శాఖలను ఎక్కువగా ధ్వనిని బట్టి గుర్తిస్తారు. దీనిని మాత్రం మాటను బట్టి గుర్తించవలసి రావడం వల్ల, ఆ మాటను తూచే తక్కెడ ఎవరి చేతిలో ఉందన్నది కీలకాంశమైంది.

3. ఫైవ్ ఐరన్ ఫ్రెంజీ – పూర్వరంగం:
ఈ బృందం 1995లో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో ఏర్పడింది. వీరు ఎంచుకొన్నది స్కా-పంక్ శైలి. స్కా 1950ల చివర జమైకాలో పుట్టిన సంగీతం. 1990లలో అమెరికాలో అది పంక్‌తో కలిసి మూడో తరంగంగా ప్రజాదరణ పొందింది. గిటారు, డ్రమ్స్‌తో పాటు ట్రంపెట్, ట్రాంబోన్, శాక్సఫోన్ వాయిద్యాలు ఉండటం ఈ శైలి లక్షణం. రీస్ రోపర్ ప్రధాన గాయకుడు. కాలిఫోర్నియాకు చెందిన ‘ఫైవ్ మినిట్ వాక్’ సంస్థ 1996లో వీరి తొలి ఆల్బమ్ ‘అప్‌బీట్స్ అండ్ బీట్‌డౌన్స్’ను విడుదల చేసింది.

హాస్యానికి పేరుపొందిన ఈ బృందం తొలినుంచీ ఆత్మవిమర్శకూ చోటిచ్చింది. 1997 నాటి రెండో ఆల్బమ్‌లోని ‘బ్యానర్ ఇయర్’ పాట శాండ్ క్రీక్ ఊచకోతను స్మరిస్తుంది. 1864 నవంబర్ 29న కొలరాడో ప్రాంతంలో బ్లాక్ కెటిల్ నాయకత్వంలోని షాయెన్ ప్రజలపైనా, వారితో ఉన్న అరాపహో ప్రజలపైనా అమెరికా సైనికులు దాడిచేశారు. మృతుల్లో అత్యధికులు స్త్రీలు, పిల్లలు, వృద్ధులు. ఆ దాడికి నాయకత్వం వహించిన కల్నల్ జాన్ చివింగ్టన్ మెథడిస్టు బోధకుడు కూడా. తమ ప్రాంతంలో, తమ మతానికి చెందిన బోధకుని నాయకత్వంలో జరిగిన హింసను క్రైస్తవ బృందమే పాటగా మలచడం గమనించదగినది. ఇది సంస్థ ద్వారా వెలువడిన పాట కనుక, స్వతంత్ర విడుదల వల్లనే వీరిలో విమర్శ పుట్టిందని భావించడం సరికాదు.

4. విరమణ, పునరాగమనం:
2003 నవంబర్ 22న డెన్వర్‌లోని ఫిల్మోర్ ఆడిటోరియంలో వీడ్కోలు కచేరీ చేసి బృందం విరమించింది. ఆ కచేరీ రికార్డింగుతో కూడిన జంట డిస్కు 2004లో ‘ది ఎండ్ ఈజ్ హియర్’ పేరుతో వచ్చింది. సరిగ్గా ఎనిమిదేళ్ల తరువాత, 2011 నవంబర్ 22న, తాము తిరిగి కలిశామని ప్రకటిస్తూ కొత్త ఆల్బమ్ కోసం కిక్‌స్టార్టర్ వేదికపై విరాళాలు కోరారు. కోరిన మొత్తం 30,000 డాలర్లు. అది గంటలోపే సమకూరింది. గడువు ముగిసేసరికి వచ్చిన మొత్తం 2 లక్షల డాలర్లు దాటింది. కిక్‌స్టార్టర్ ప్రారంభమై అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు.

ఈ పునరాగమనంలో మరొక విశేషముంది. బృంద స్థాపకుల్లో ఒకడైన స్కాట్ కెర్ 1998లో బృందాన్ని వీడాడు. ఆయన 2011లో బాస్ గిటారు వాద్యకారునిగా తిరిగివచ్చాడు. ఈ దశలో సభ్యులందరి విశ్వాసం ఒకటిగా లేదు. తాము క్రైస్తవ విశ్వాసులం కామని కొందరు బహిరంగంగానే తెలిపారు. అయినా కలిసి పాటలు కట్టారు. పాటల సాహిత్యాన్ని బట్టి ముద్రవేసే విపణికి ఇటువంటి బృందాన్ని ఏ అరలో పెట్టాలన్నది చిక్కుప్రశ్న. ముందే డబ్బు చెల్లించిన శ్రోతలకు మాత్రం ఆ ప్రశ్న అడ్డురాలేదు. వారు బృందాన్ని ఎరిగి ఇచ్చారు, ముద్రను చూసి కాదు.

5. ఆల్బమ్ పరిశీలన:
2013 నవంబర్ 26న ‘ఇంజిన్ ఆఫ్ ఎ మిలియన్ ప్లాట్స్’ విడుదలైంది. పాటల శీర్షికలే ఈ ఆల్బమ్ దృష్టి ఎంత విస్తృతమో తెలుపుతాయి. ‘ఎగైనెస్ట్ ఎ సీ ఆఫ్ ట్రబుల్స్’ అన్న పేరు షేక్‌స్పియర్ హామ్లెట్ స్వగతంలోని పదబంధం. ఉండటమా, లేకపోవడమా అన్న సందిగ్ధంలో పుట్టిన మాట అది. ‘ఐ యామ్ జాక్స్ స్మర్కింగ్ రివెంజ్’ ‘ఫైట్ క్లబ్’ను తలపిస్తుంది. ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ జీనోఫోబియా’ 1974 నాటి రాబర్ట్ పిర్సిగ్ గ్రంథం పేరును వ్యంగ్యంగా తిప్పిన శీర్షిక. పరాయివారిపట్ల ద్వేషాన్నీ, దేశభక్తి పేరిట సాగే అహంకారాన్నీ ఆ పాట అధిక్షేపిస్తుంది. 1997లో గతచరిత్రపై సాగిన ఆత్మవిమర్శ ఇక్కడ వర్తమానంపైకి మళ్లింది.

దీన్నిబట్టి స్వతంత్ర విడుదల తెచ్చిన మార్పును కచ్చితంగా గుర్తించవచ్చు. విమర్శించే ధైర్యం బృందానికి ముందే ఉంది. కొత్తగా లభించింది తమను తాము నిర్వచించుకోవలసిన నిర్బంధం నుంచి విముక్తి. విశ్వాసి రాసిన మాటకు విశ్వాసి కానివాడు వాద్యసహకారం అందించినా, ఆ పాట ‘క్రైస్తవ’మా కాదా అని ఎవరికీ ధ్రువీకరించి చూపనక్కరలేకపోయింది.

6. స్వాతంత్ర్యానికి పరిమితులు:
శ్రోతల పోషణకు సైతం షరతులున్నాయి. విరాళం సేకరించిన వేదిక, లక్ష్యం నెరవేరిన ప్రతి మొత్తంలో 5 శాతం రుసుముగా తీసుకొంటుంది. చెల్లింపుల ఖర్చు వేరు. విరాళదాతలకు వాగ్దానం చేసిన వస్తువుల తయారీ, రవాణా ఖర్చులు కూడా ఆ సొమ్ములోనివే. పైగా ప్రకటనకూ విడుదలకూ నడుమ రెండేళ్లు గడిచాయి. అంతకాలం శ్రోతలు వినని పాటలపై నమ్మకముంచారు.

అన్నింటికన్నా ముఖ్యమైనది మరొకటి. ఇంత పెద్ద మొత్తం ఇవ్వగల శ్రోతృసమాజం శూన్యంలోంచి రాలేదు. 1996 నుంచి 2003 వరకు సంస్థ పంపిణీ, కచేరీయాత్రలు కలిసి కూర్చిన సమాజమది. బృందం దాటివచ్చిన విపణే దాని స్వాతంత్ర్యానికి పునాది వేసింది. అటువంటి గతం లేని కొత్త బృందానికి ఇదే మార్గం ఇంత సులువు కాదు.

7. ముగింపు:
• క్రైస్తవ రాక్‌లో స్వతంత్ర విడుదల 1970 నాటికే ఉంది. 2011–13లో కొత్తగా వచ్చింది శ్రోతలు ముందుగానే పోషకులు కావడం.
• ఈ ఆల్బమ్‌లో విమర్శ కొత్తది కాదు. భిన్నవిశ్వాసాలు గలవారు ఒకే వేదికపై నిలిచి, ఆ భేదాన్ని దాచకుండా సృజించగలగడం కొత్తది.
• శ్రోతల పోషణ సంస్థల పోషణకు పూర్తి ప్రత్యామ్నాయం కాదు. పూర్వం సంపాదించుకొన్న నమ్మకంపైనే అది ఆధారపడింది.
• 2021లో వచ్చిన ‘అంటిల్ దిస్ షేక్స్ అపార్ట్’ను కూడా బృందం శ్రోతల విరాళాలతోనే వెలువరించింది. కనుక 2013 నాటి ప్రయోగం ఒక్కసారితో ముగిసినది కాదు.

కృతిభర్త మారితే కృతిలోని భావాలన్నీ మారవు. కానీ ఆ కృతికి ఏ పేరు పెట్టాలో నిర్ణయించేవారు మారతారు. విశ్వాసం, సందేహం ఒకే పాటలో పక్కపక్కన నిలవడానికి ఈ ఆల్బమ్‌కు ఆ మార్పే చోటు కల్పించిందని చెప్పవచ్చు.