టికెట్టు లేని ఆటకు ఖర్చెవరిది? : ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ప్రదర్శన ఆర్థికచరిత్ర

వ్యాససంగ్రహం: ఉత్తర తెలంగాణలో తెల్లవార్లూ సాగే జానపద, గిరిజన ప్రదర్శనలకు ప్రవేశరుసుము లేదు. అంతమాత్రాన అవి ఉచితమైనవి కావు. వాటి ఖర్చును ఎవరు భరించారు, ఎవరి ముందు ఎవరు ఆడాలన్నది ఎలా నిర్ణయమైంది, డీజే కాలానికి ఆ ఏర్పాటులో ఏది మారింది అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మిరాసి, త్యాగం, ఆశ్రితకులాలు, చిందు యక్షగానం, ఒగ్గుకథ, చదివింపులు, దండారి, డీజే.

1. ప్రవేశిక

హైదరాబాదు వంటి నగరాలలో జరిగే భారీ ఎలక్ట్రానిక్ సంగీతోత్సవంలో టికెట్టు ధర, వేదికనెక్కే కళాకారుల వరుస, నిర్వహణ వ్యయం అనే మూడు లెక్కలూ ఒకే నిర్వాహకుడి చేతిలో ఉంటాయి. తెలుగువారికి టికెట్టు కొత్తది కాదు. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన సురభి సమాజాలు ఊరూరా డేరాలు వేసి ప్రవేశరుసుము మీద తరతరాలు బతికాయి. నేల, బెంచీ, కుర్చీ అన్న తరగతులు ప్రేక్షకుణ్ణి అతని కులాన్ని బట్టి కాక జేబును బట్టి కూర్చోబెట్టాయి. సినిమాహాలు ఆ వరుసనే కొనసాగించగా 'నేల టికెట్టు' నుడికారంగా స్థిరపడింది.

నేటి పన్నుల విధానం కూడా ప్రదర్శనను ప్రవేశరుసుము ద్వారానే కొలుస్తుంది. నాటక, నృత్య, సంగీత ప్రదర్శనలకు మనిషికి 250 రూపాయలు మించని రుసుముపై ఉన్న వస్తుసేవల పన్ను మినహాయింపును 2018 జనవరిలో 500 రూపాయలకు పెంచారు. రుసుమే లేని ప్రదర్శన ఈ లెక్కలోకి రాదు. జానపద పరిశోధనలోనూ ఇటువంటి లోపమే ఉంది. కథాంశం, బాణీ, వేషం గురించి పుటలకొద్దీ రాసిన గ్రంథాలు కళాకారుడికి ఆ రాత్రి ఏమి ముట్టిందన్న ప్రశ్నను ఒకటి రెండు వాక్యాలతో దాటేస్తాయి.

2. మిరాసి: హక్కూ హద్దూ

తెలంగాణ పల్లెలలో ఏ కళాకారుడు ఎవరి ముందు ఆడాలన్నది ఆశ్రితకుల వ్యవస్థ నిర్ణయించింది. చిందు భాగవతులు మాదిగలకు, కూనపులివారు పద్మశాలీలకు, కాకిపడగలవారు ముదిరాజులకు, గౌడజెట్టీలు గౌడులకు కులపురాణాలు వినిపించారు. ఇన్ని ఊళ్ళు ఈ కుటుంబానివన్న హక్కే మిరాసి. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్లే మిరాసి ఊళ్ళనూ పంచుకున్నారు. మేళం ఊరికి వచ్చినప్పుడు పోషక కులంలోని ఇళ్ళన్నీ కలిసి బస, తిండి, దీపాలకు నూనె, ధాన్యం, రొక్కం సమకూర్చాలి. ప్రేక్షకుడి తలను బట్టి కాక పోషకుడి గడపను బట్టి పడే పన్ను ఇది. చూడడానికి వచ్చినా రాకపోయినా తన వంతు ఇవ్వవలసిందే.

ఇలా ఇచ్చేదానికి 'త్యాగం' అని పేరు. ఈ పదం దాత ఔదార్యాన్ని చెబుతుంది గాని తీసుకునేవాడి శ్రమను చెప్పదు. ఆచరణలో మాత్రం అది బాకీ. పదాన్ని మాత్రమే చూసిన పరిశోధకులు ఈ కళాకారులను యాచకులుగా వర్గీకరించారు. మిరాసి పంపకాలను పరిశీలించినవారు అలా అనలేరు.

కళాకారుడి వైపు పెట్టుబడి కూడా ఉంది. పటం కథలు చెప్పేవారు చేర్యాల నకాశీ చిత్రకారులచేత గజాల పొడవైన పటం రాయించుకోవాలి. అది పాతబడి చిరిగితే పూజ చేసి నదిలో నిమజ్జనం చేసి, కొత్తది రాయించాలి.

అయితే మిరాసిని కీర్తించి ఊరుకోవడం సరికాదు. ఊళ్ళను రాసిచ్చిన వ్యవస్థే కళాకారుణ్ణి ఒక కులానికి కట్టివేసింది. చిందువారికి మాదిగవాడలో దొరికిన హక్కు ఊరి నడిబొడ్డున దొరకలేదు. పోషకకులం పేదదైతే త్యాగమూ పేదదే. ఎంత గొప్ప నటుడైనా మరొక కులం వద్ద తన ఆటను అమ్ముకునే వీలు లేదు. డబ్బున్న ఎవరినైనా లోపలికి రానిచ్చే టికెట్టుకు ఈ విషయంలో ఒక మెరుగు ఉందనక తప్పదు.

ఒగ్గుకథ దీనికి కొంత భిన్నం. కురుమ, గొల్ల కులాలకు చెందిన ఒగ్గువారు కథకులే కాక మల్లన్న, బీరప్పల పూజారులు. పట్నం వేసి కల్యాణం జరిపించడానికి ఇచ్చేది ఒకటి, కథ మధ్యలో వచ్చే చదివింపులు మరొకటి. ఫలానావారు ఇంత చదివించారని కథకుడు పేరుపెట్టి పైకి చెబుతాడు. ప్రతి దాతా సభాముఖంగా నమోదయ్యే ఈ లెక్కల పుస్తకానికి కాగితం అక్కరలేదు. వేములవాడ ప్రాంతపు హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు వంటి కథకుల ప్రతిభలో సమయస్ఫూర్తితో చదివింపులు రాబట్టే నేర్పు కూడా భాగమే. దాన్ని కళకు వెలుపలిదిగా భావించడం పొరపాటు.

3. దండారి: ఆతిథ్యమే వ్యయం

ఆదిలాబాద్ గోండు గూడాలలో లెక్క మరో తీరు. దీపావళి రోజులలో దండారి బృందం గుస్సాడీలతో కలిసి మరో ఊరికి అతిథిగా వెళుతుంది. ఆతిథేయ గ్రామం అందరికీ భోజనం, బస ఏర్పాటు చేస్తుంది. వియ్యమందదగిన వంశాల ఊళ్ళ మధ్య సాగే ఈ రాకపోకల్లో ఒక ఊరి ఖర్చు మరొకసారి ఆతిథ్యంగా తిరిగి వస్తుంది. వందల నెమలి పింఛాలతో కూర్చే కిరీటం మాత్రం అతిథుల ఖర్చు. వాద్యం విషయంలో మైదానపు మిరాసికి పోలిక ఉంది. కింగ్రి, పెప్రె వాయించే ప్రధానులు గోండు కుటుంబాలకు వంశపారంపర్య గాయకులు. ధాన్యం, పెళ్ళిళ్ళలోనూ మరణకర్మలలోనూ కానుకలు వారి హక్కు. 1940లో కుమ్రం భీం మరణం తరువాత ఇక్కడికి వచ్చి మార్లవాయిలో నివసించిన హైమండార్ఫ్ ఈ సంబంధాన్ని విస్తృతంగా నమోదు చేశాడు. సొంత వ్యయమన్న ఈ పద్ధతి ఇప్పటికీ చెదరలేదు: 2022 డిసెంబరులో ప్రారంభమైన కేస్లాపూర్ నాగోబా నూతన ఆలయాన్ని మెస్రం వంశీయులు తమ విరాళాలతోనే కట్టుకున్నారు.

4. వెట్టి, బయాన, డీజే

ఆదిలాబాద్ గూడాల ఆతిథ్యానికి భిన్నంగా, కరీంనగర్ పల్లెల్లో కొంత మోత నిజంగానే ఉచితంగా జరిగింది. చావుకూ ఊరేగింపుకూ డప్పు కొట్టడం మాదిగలపై విధిగా మోపిన వెట్టి. 1978 జగిత్యాల జైత్రయాత్ర నాటి రైతుకూలీ ఉద్యమం వెట్టిని ఎదిరించింది. 1994లో మొదలైన దండోరా ఉద్యమం డప్పును ఆత్మగౌరవ చిహ్నంగా నిలిపింది. డప్పుకు బయాన ఇచ్చి కూలి మాట్లాడుకోవడం ఈ పోరాటాల ఫలితమే గాని సంప్రదాయ పతనం కాదు.

డీజే వచ్చింది ఈ నేల మీదికే. గణేశ్ నిమజ్జనానికీ పెళ్ళి బరాతుకూ బాక్సుల బండి తెచ్చినప్పుడు కూడా టికెట్టు లేదు. చందా లేదా ఇంటివారి సొమ్మే ఆధారం. అంటే ఖర్చు పెట్టే పద్ధతి పాతదే, డబ్బు చేరే చేయి మాత్రం మారింది. వినిపించేది చాలాసార్లు జానపదమే అయినా పాడిన గొంతు రికార్డులో ఉంటుంది, కిరాయి పరికరాల యజమానికి వెళుతుంది. మరోవైపు ఏ కులంవారైనా పిలిపించుకోగల మోత ఇది. యువత ఆదరణలో ఈ స్వేచ్ఛ పాలు ఎంతో విచారించవలసి ఉంది.

కళాకారుడికి ఇప్పుడు రాష్ట్రమే ప్రధాన పోషకురాలు. మార్లవాయి కనకరాజుకు 2021లో, చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ లభించింది. వృద్ధ కళాకారుల పింఛను 2021లో 1,500 నుంచి 3,016 రూపాయలకు పెరిగింది. కాని పింఛను పట్టికలో కళాకారుడు లబ్ధిదారుడు. మిరాసి ఊరిలో, ఎంత ఇరుకైనదైనా, హక్కుదారు.

2024 అక్టోబరు నుంచి హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేను నిషేధించారు. జిల్లాలకు అంతకన్నా వర్తించేది 2000 నాటి ధ్వని కాలుష్య నియమావళి. దాని ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగస్థలాల్లో మైకు వాడరాదు. ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. డీజే బాక్సుకూ ఒగ్గుకథ మైకుకూ ఒకటే నియమం. ఆ పదిహేను రోజులను ఎంపిక చేసేది ప్రభుత్వం; మల్లన్న పట్నాలు, బీరప్ప పండుగలు ఆయా ఊళ్ళ తిథులను బట్టి జరుగుతాయి.