పరిశోధన మూల్యాంకనం: పరిమితులు, పక్షపాతాలు

పరిశోధనల విలువను తోటి నిపుణుల సమీక్ష, ఉల్లేఖనల సంఖ్య, పత్రిక స్థాయి ఆధారంగా నిర్ణయించే సంప్రదాయ పద్ధతుల్లో లోపాలున్నాయి.

కొలమానాలు: యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ఉల్లేఖన సూచికను ప్రతిపాదించాడు. దాని నుంచి పుట్టిన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పత్రిక వ్యాసాలకు వచ్చే సగటు ఉల్లేఖనలను చూపుతుందే తప్ప ఒక్కో వ్యాసం నాణ్యతను కాదు. రెండేళ్ల ఉల్లేఖనలనే లెక్కించడంతో గణితం, చరిత్ర వంటి నెమ్మదిగా ఫలించే రంగాలు వెనకబడతాయి. తోటి నిపుణుల సమీక్షలోనూ పేరున్న సంస్థలకు మొగ్గు, కొత్త ఆలోచనలపై అనుమానం కనిపిస్తాయి.

తెలుగువారి అనుభవం: భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన భాస్వరం కొలిచే పద్ధతి విస్తృతంగా ఉల్లేఖనలు పొందింది. అయినా ఆయన పనిచేసిన హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో ఆయన లెడర్లీ ఔషధ సంస్థకు వెళ్లారు.

భాషా వివక్ష: అంతర్జాతీయ సూచికలు ప్రధానంగా ఆంగ్ల పత్రికలకే చోటిస్తాయి. 1924లో మొదలైన తెలుగు పత్రిక 'భారతి'లో వచ్చిన సాహిత్య, శాసన పరిశోధనల విలువ ఆ లెక్కల్లో కనపడదు.

సంస్కరణలు: విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2010లో అధ్యాపకుల పదోన్నతికి పాయింట్ల విధానం తెచ్చింది. దాంతో నాణ్యత కంటే సంఖ్యకు ప్రాధాన్యం పెరిగిందన్న విమర్శ వచ్చింది. తాను గుర్తించిన పత్రికల 'కేర్' జాబితాను యూజీసీ 2025లో నిలిపేసింది. పరిశోధన మూల్యాంకనంపై 2012 శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన, 2015 లైడెన్ మ్యానిఫెస్టో చెప్పినట్లు అంకెలు నిపుణుల తీర్పుకు తోడుగానే ఉండాలి. పరిశోధనను చదివే విలువ కట్టాలి.