గొట్టమే తీగ

పారిస్‌కు నీళ్లు తెచ్చే పోత ఇనుప గొట్టాలను ఒకదానికొకటి అతికారు. పొడవు 951 మీటర్లు. 1808 ప్రాంతంలో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ బాప్టిస్ట్ బియో వాటి ఒక చివర సుత్తితో కొట్టించి, రెండో చివర చెవి పెట్టించాడు. ఒక్క దెబ్బకు రెండు చప్పుళ్లు! మొదటిది ఇనుములోంచి వచ్చింది; రెండోది లోపలి గాలిలోంచి, దాదాపు రెండున్నర సెకన్లు ఆలస్యంగా. రాత్రిపూట ఆ గొట్టంలో గుసగుసలాడినా అవతలి వాళ్లకు వినిపించేదట. కానీ ఆ గుసగుసను మోసింది గాలే. ఇనుము చేత కబురు మోయించడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఎందుకంత ఆలస్యం? ఇనుము ధ్వనిని మోయలేక కాదు, మరీ ఎక్కువగా మోసి. గొట్టం గోడలో ఒక కంపనం సాగుతూ ముడుచుకుంటూ పోతుంది, ఇంకోటి మెలితిరుగుతుంది, మరికొన్ని వంగుతూ పోతాయి. దేని వేగం దానిదే. పైగా అతుకు తగిలిన ప్రతిచోటా కొంత వెనక్కి మళ్లుతుంది. ఖాళీ కల్యాణ మండపంలో మైకు పట్టుకున్నవాళ్లకు ఈ బాధ తెలుసు: మాట మీద మాట పడి ఏదీ అర్థం కాదు.

ఈ తరంగాలన్నిటికీ 1959లో పూర్తి లెక్క కట్టినవాడు డెనోస్ గాజిస్. ఆయనకు ఎక్కువ పేరు తెచ్చింది మాత్రం రోడ్ల మీది ట్రాఫిక్ లెక్కలు! 1990లలో లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన పీటర్ కాలీ, డేవిడ్ అలైన్ ఆ సిద్ధాంతాన్ని కర్మాగారాల్లోకి తెచ్చారు. గొట్టానికి కడియంలా పీజో పలకలు (కరెంటు తగిలితే కంపించేవి) బిగించి అతిధ్వని తరంగం వదిలితే, పదుల మీటర్ల అవతల పై తొడుగు కింద దాగిన తుప్పు కూడా ప్రతిధ్వనితో పట్టుబడుతుంది.

తుప్పు కబురు తెచ్చే గొట్టం మనం పంపే కబురు మోయదా? 2011లో అమెరికా పరిశోధకులు ఒక తమాషా కిటుకు వాడారు. ముందు చిన్న స్పందన ఒకటి పంపి, అవతల చేరిన గజిబిజిని రికార్డు చేయాలి. దాన్ని చివరి నుంచి మొదటికి తిప్పి మళ్లీ పంపాలి. అప్పుడు నిదానంగా నడిచేవి ముందు బయల్దేరతాయి, పరుగెత్తేవి తర్వాత. అన్నీ ఒకే క్షణాన చేరి ఒక్క గట్టి దెబ్బవుతాయి. గొట్టంలోని గజిబిజే సాయపడుతుందన్నమాట. ఈ కిటుకును అతిధ్వనికి అలవాటు చేసిన శాస్త్రవేత్త మథియాస్ ఫింక్ పనిచేసింది కూడా పారిస్‌లోనే.

ఈ దారిలో సినిమాలు చూడలేం. కానీ మట్టిలో పూడ్చిన గొట్టం, రేడియో తరంగం అందని చోటు నుంచి లోపలి ఒత్తిడి ఎంతో చెప్పాలంటే నాలుగు అంకెలు చాలు.