తొమ్మిదో తరగతి సైకిలు

సాలువా పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పట్నానికి దక్షిణపు అంచు. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ స్థావరం ఇక్కడే ఉంది, అందుకే గూర్ఖా కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. ఇక్కణ్నుంచి ఐఐటీ దాటి, పూరీ గేట్ మీదుగా స్టేషన్ వైపు వస్తే రైల్వే కాలనీలు మొదలవుతాయి. నింపురా, మథురాకాటి వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1902లో వాల్తేరు–కటక్ మార్గాన్ని తన కిందికి తెచ్చుకుంది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి పనికోసం రైలెక్కినవాళ్లకు ఖరగ్‌పూర్ దగ్గరైంది. రైల్వే వర్క్‌షాపులో కొలువు, కంపెనీ క్వార్టరు, నడిచి వెళ్లేంత దూరంలో బడి: మొదటి తరాల బతుకు ఇలా సాగింది.

పట్నం పెరిగి, కాలనీ గోడలు దాటింది. బడి దూరమైంది.

ఈ దూరాన్ని మన చట్టం సగం వరకే పట్టించుకుంది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపు, ఎనిమిదో తరగతి దాకా మూడు కిలోమీటర్ల లోపు ఉండాలని కేంద్ర నియమాలు చెప్పాయి. తొమ్మిదిలో అడుగుపెట్టిన పిల్లకు ఆ భరోసా లేదు. హైస్కూలు పక్క ఊళ్లో ఉంటే, ఇంట్లో మొదట ఆగిపోయేది ఆడపిల్ల చదువే. మన దేశంలో సైకిలు పథకాలు చాలావరకు తొమ్మిదో తరగతి దగ్గరే మొదలవడానికి కారణం ఇదే.

దారి చూపించిన రాష్ట్రాల్లో బిహార్ ఒకటి. 2006లో నితీశ్ కుమార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిలు కొనుక్కోమని 2,000 రూపాయలు ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు ఆ పథకాన్ని పరిశీలించి 2017లో అధ్యయనం ప్రచురించారు. హైస్కూలులో చేరే అమ్మాయిల సంఖ్య 32 శాతం పెరిగిందని, అబ్బాయిలకూ అమ్మాయిలకూ మధ్య తేడా 40 శాతం తగ్గిందని తేల్చారు. హైస్కూలు మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్లలోనే ఫలితం ఎక్కువగా కనిపించింది. ఆంధ్రప్రదేశ్‌ కూడా తర్వాత ‘బడికొస్తా’ పేరుతో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లు పంచింది.

పశ్చిమ బెంగాల్ వంతు 2015లో వచ్చింది. ఆ ఏడాది బడ్జెట్లో ప్రకటించిన ‘సబూజ్ సాథీ’ అబ్బాయిలనూ కలుపుకుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో, మదర్సాల్లో తొమ్మిది నుంచి పన్నెండు దాకా చదివే పిల్లలందరికీ సైకిలు. రెండేళ్లలో 40 లక్షల మందికి ఇవ్వాలన్నది తొలి లక్ష్యం. తర్వాత అది ఏటేటా సాగి, మొత్తం సంఖ్య కోటి దాటింది. వెనుకబడిన తరగతుల సంక్షేమ శాఖ దీన్ని నడుపుతోంది. సైకిలు ముందు బుట్ట, దాని మీద పథకం గుర్తు. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో బడి వేళకు ఏ రోడ్డు చూసినా వాటి వరసే.

ఇంత పెద్ద పనిని తక్కువ చేసి చూడకూడదు. తండ్రి కొనిపెట్టే దాకా ఆగకుండా, అన్న సైకిలు ఖాళీ అయ్యే దాకా చూడకుండా, తనదంటూ ఒక బండి ఉండటం పద్నాలుగేళ్ల పిల్లకు ఎంత ధైర్యమో ఆ ఇళ్లలో వాళ్లకు తెలుసు. అయినా ఒక లోటు మిగిలింది. సైకిలు ఇచ్చిన ప్రభుత్వం అది నడిచే దారిని అంత శ్రద్ధగా ఇవ్వలేదు. ఇదే రాష్ట్రంలో కోల్‌కతా పోలీసులు 2013లో 174 రోడ్ల మీద సైకిళ్లను నిషేధించారు.

వేరే దేశాల్లో పని రెండో వైపు నుంచి మొదలైంది. 1970ల్లో డెన్మార్క్‌లోని ఓడెన్సే పట్నం పిల్లల బడిదారుల్ని గుర్తించి, ప్రమాదమున్న చోట్ల రోడ్డునే మార్చింది. 2005లో అమెరికా చట్టసభ ‘బడికి సురక్షిత దారులు’ అనే కార్యక్రమానికి ఐదేళ్లకు 61.2 కోట్ల డాలర్లు కేటాయించింది. అందులో ఎక్కువ భాగం కాలిబాటలకు, సైకిలు దారులకు, రోడ్డు దాటే చోట్లకు. అక్కడ పిల్లకు సైకిలు కొనివ్వడం ఇంటి పని, దారి వేయడం సర్కారు పని.

ఖరగ్‌పూర్‌లో ఈ రెండూ కలవాలి. పట్టాలు పట్నాన్ని చీల్చుకుంటూ పోతాయి, దాటే చోట్లు కొన్నే. అక్కడ లారీ, టోటో అనే బ్యాటరీ రిక్షా, మోటారు సైకిలు, బడి పిల్ల ఒకే ఇరుకులో పడతారు. గీతతో వేరు చేసిన సైకిలు దారి, బడి ముందు స్పీడ్ బ్రేకర్లు, ఉదయం, సాయంత్రం రెండు గంటలపాటు లారీలకు అడ్డు: వీటికి సైకిళ్లకయ్యేంత డబ్బు అక్కర్లేదు. చట్టపరంగానూ పట్టు దొరికింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 198ఎ సెక్షన్ ప్రకారం, రోడ్డును ప్రమాణాలకు తగ్గట్టు కట్టకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా, ఆ రోడ్డుకు బాధ్యులైన అధికారులకూ కాంట్రాక్టర్లకూ లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది.