ఇంట్లో దిద్దిన అక్షరం

తమిళనాట పిల్లలకు ఇంట్లో తెలుగు చదువు చెప్పుకోవడం ఈనాటి మాట కాదు. పుదూరు చదలువాడ సీతారామశాస్త్రి గారి బాలశిక్ష 1832లో అచ్చయింది ఈ మద్రాసులోనే. పెద్దబాలశిక్షకు మూలం అదే.

మా అవ్వ బడికి పోలేదు. వాళ్ల నాయన ఇసుకలో దిద్దించినట్టే నాకూ దిద్దించింది. నాది తమిళ మీడియం. బడిలో ‘క’కూ ‘గ’కూ ఒకటే అక్షరం. అందుకే కుడి, గుడి అని నోటితో సరిగ్గా పలికే పిల్లవాడు కూడా చదివేటప్పుడు తడబడతాడు. అవ్వ కసిరేది కాదు. “ఏదిరా, అన్నం తినే చెయ్యా, మొక్కే చోటా?” అని అడిగేది. జవాబు మన నోట్లోనే ఉండేది.

ఆ తర్వాత ఒత్తులు. తమిళంలో ‘మ్’ మీద చుక్క పెట్టి పక్కన ‘మా’ రాస్తారు. తెలుగులో అది కిందికి దిగుతుంది. ‘అమ్మ’ అనే మొదటి మాటకే ఇంత చిక్కు! తొందరపెడితే బిడ్డ పుస్తకం మూసేస్తుంది.

2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక చాలా ఇళ్లలో తెలుగు అక్షరం ఇంటివాళ్ల పనే అయింది. రోజుకు నాలుగు మాటలు చాలు. మా మనవరాలు ‘మ్మ’ దగ్గర ఆగి పదిహేను రోజులయింది. ఇంకా అక్కడే ఉన్నాం.