చెరకు తర్వాత పర్యాటకం: మారిషస్, మాల్దీవులలో రాబడి ఎవరికి మిగులుతోంది?

2024లో మాల్దీవులకు 20 లక్షల మందికి పైగా విదేశీ యాత్రికులు వచ్చారు. ఆ దేశ చరిత్రలో అప్పటిదాకా అంతమంది ఎన్నడూ రాలేదు. అదే ఏడాది అక్టోబరులో డాలర్ల కొరత తీర్చుకోవడానికి ఆ దేశం భారత్ నుంచి 40 కోట్ల డాలర్లు, 3,000 కోట్ల రూపాయల మేర కరెన్సీ మార్పిడి సదుపాయం పొందింది. రిసార్టులు ఒక్కో యాత్రికుడికి 500 డాలర్ల చొప్పున స్థానిక బ్యాంకుల్లో మార్చాలని నిబంధన తెచ్చింది. అప్పుల వాయిదాలు, భారీ నిర్మాణాల ఖర్చు ఈ డాలర్ల కొరతకు ఒక కారణం. అతిథి తినే పండు నుంచి జనరేటర్‌లో పోసే డీజిల్ దాకా దాదాపు అన్నీ ఓడల్లో రావలసి ఉండటం మరో కారణం. అందుకే యాత్రికుల సంఖ్యను బట్టి ద్వీపాల జయాపజయాలు తేల్చే పద్ధతి సరికాదని నా వాదన. వచ్చిన డాలరులో ఎంత ఆ గడ్డ మీద నిలిచిందన్నదే అసలు కొలమానం.

హిందూ మహాసముద్రంలో మాల్దీవులు, సీషెల్స్, మారిషస్ అమ్మే సరుకు దాదాపు ఒకటే. గల్ఫ్ విమాన సంస్థలు మూడు చోట్లకూ యాత్రికులను చేరవేస్తాయి. ఐరోపా టూర్ ఏజెన్సీలు మూడింటినీ పక్కపక్కనే పెట్టి ధర చెబుతాయి. కొత్త దంపతులు ఒకదాన్ని వదిలి మరొకదాన్ని ఎంచుకోవడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. 2024 జనవరిలో భారత్‌తో వివాదం రేగాక, అంతకు ముందు ఏడాది 2 లక్షలు దాటిన మన యాత్రికుల సంఖ్య మాల్దీవుల్లో 1.3 లక్షల దగ్గరికి పడిపోయింది. ఇంత సులువుగా చేజారే గిరాకీ మీద ఒక దేశపు బడ్జెట్ నిలబడి ఉంది.

ఒకే రాబడి మీద ఆధారపడే ఈ బాధ మారిషస్ ముందే పడింది, అప్పట్లో చెరకుతో. 1834 నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్లిన భారతీయులే ఆ తోటలను నిలబెట్టారు. వారిలో మనవాళ్లూ ఉన్నారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువారిని కోరంగీలు అనేవారు. 1961లో ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ ఈ ద్వీపం పరిస్థితిని పరిశీలించి, పెరిగే జనాభా, ఒకే పంట కలిసి దీన్ని ముంచుతాయని భయపడ్డాడు. ఆ జోస్యం ఫలించలేదు. 1975 నాటి చక్కెర ఒప్పందం కింద ఏటా సుమారు 5 లక్షల టన్నుల చక్కెరను ఐరోపా హామీ ధరకు కొనేది. చాలా ఏళ్లలో అది ప్రపంచ ధర కంటే బాగా ఎక్కువ. ఆ మిగులులో కొంత 1970లో మొదలైన ఎగుమతి మండలంలోని దుస్తుల ఫ్యాక్టరీలకూ, హోటళ్లకూ పెట్టుబడిగా మారింది. నా దృష్టిలో మారిషస్ చేసిన అతి తెలివైన పని ఇదే. 2006 తర్వాత ఐరోపా చక్కెర ధరను 36 శాతం తగ్గించినప్పుడు దేశం కుంగింది గానీ కూలిపోలేదు.

ఈ వైవిధ్యం విలువ 2020లో తేలింది. కోవిడ్‌కు సరిహద్దులు మూసిన ఆ ఏడాది మారిషస్ జీడీపీ సుమారు 15 శాతం తగ్గింది. మాల్దీవుల్లో దాదాపు మూడో వంతు హరించుకుపోయింది. మారిషస్‌కు 2019లో 13.8 లక్షల మంది యాత్రికులు వస్తే, 2021లో 1.8 లక్షలే వచ్చారు. అయినా బ్యాంకింగ్, దుస్తుల పరిశ్రమ ఆ దెబ్బను కొంత కాచుకున్నాయి. మూడో దేశమైన సీషెల్స్ అయితే కోవిడ్ కంటే చాలా ముందే, 2008లో, విదేశీ అప్పు కట్టలేక చేతులెత్తేసి, ఐఎంఎఫ్‌ను ఆశ్రయించింది.

అయితే మారిషస్‌ను ఆదర్శంగా చూపేవారు భూమి ప్రశ్నను దాటేస్తారు. తీరం పొడవునా 81 మీటర్ల వెడల్పు పట్టీ ఫ్రెంచి పాలన నాటి నుంచి ప్రభుత్వానిది. హోటళ్లు దాన్ని దీర్ఘకాలిక లీజుకు తీసుకుంటాయి. చట్టం ప్రకారం ఇసుకతీరం అందరిదీ. కానీ హోటల్ గోడలు పెరిగేకొద్దీ అక్కడికి చేరే దారి సన్నబడుతోంది. ‘మా సముద్రతీరాన్ని దోచుకోవడం ఆపండి’ అంటూ పౌరులు ఉద్యమం నడుపుతున్నారు. వారాంతాన సముద్రం దగ్గర వంట చేసుకు తినే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు.

తీరం వెనక కథ ఇంకా తీవ్రమైనది. రెండు దశాబ్దాల్లో చెరకు విస్తీర్ణం దాదాపు సగానికి పడిపోయింది. ద్వీపం తినే ఆహారంలో నాలుగింట మూడు వంతులు దిగుమతే. ఖాళీ అయిన ఆ చెరకు నేలలో కూరగాయలు పండిస్తే హోటల్ వంటగదిలో ఖర్చయ్యే డాలరు దేశంలోనే ఉంటుంది. కానీ 2002 నాటి సమీకృత రిసార్టు పథకం విదేశీయులు కనీసం 5 లక్షల డాలర్లు పెట్టి విల్లా కొనుక్కుంటే నివాస హక్కు కూడా ఇచ్చింది. ఎస్టేటు యజమానికి ఎకరం టమాటా తోట కంటే ఎకరం విల్లాలే లాభం. విల్లా అమ్మకంతో వచ్చే డాలర్లు ఆ ఏడాది విదేశీ పెట్టుబడి లెక్కలో చేరతాయి. ఆ నేల మాత్రం మళ్లీ సాగులోకి రాదు.