పట్టాల అవతలి ఆఫీసు

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతికేవాళ్లు ముందుగా అడిగేది ఆఫీసుకు ఎన్ని కిలోమీటర్లు అని. ఈ ఊరు పెరిగిన తీరు చూస్తే ఆ లెక్క పెద్దగా పనికొచ్చేది కాదనిపిస్తుంది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ నుంచి హైటెక్ సిటీకి అయిదారు కిలోమీటర్లే. ఆ కాస్త దూరానికి గంట పట్టిన సాయంత్రాల గురించి కాలనీలో ఎవరిని కదిపినా చెబుతారు. అంతకు రెట్టింపు దూరం నుంచి వచ్చేవాళ్లు ఒక్కోసారి వాళ్లకన్నా ముందే ఇంటికి చేరతారు. కార్లు ఎక్కువై, రోడ్లు ఇరుకై అని సరిపెట్టుకోవచ్చు గానీ, ఆ మాట ఊరంతటికీ వర్తిస్తుంది. ఈ కాలనీకీ ఆ ఆఫీసులకూ మధ్య ప్రత్యేకంగా ఉన్నది ఒక రైలుమార్గం. ఈ నగరంలో ఏ పేటలో ఉంటే రాకపోకలు తేలిక అన్నది, ఇంటికీ పనికీ నడుమ ఏ అడ్డం ఉంది, దాన్ని దాటడానికి ఎన్ని చోట్లున్నాయి అన్నదాన్ని బట్టే తేలుతుందని నా వాదన. ఇది కారు వచ్చాక పుట్టిన చిక్కు కూడా కాదు.

అసలు ఊరికన్నా ముందు వంతెన పుట్టిన చోటు ఇది. పురానాపూల్ 1578 నాటిది, చార్మినార్ 1591 నాటిది. గోల్కొండ నుంచి మూసీ దాటే దారి స్థిరపడ్డాక, ఆ దారి పోయిన వైపు కొత్త నగరం లేచింది. ఆ తర్వాత ఊరి చుట్టూ ప్రాకారం కట్టి దర్వాజాలు పెట్టారు. ఏ మహల్లాలో ఉన్నా బయటి పనికి పోవాలంటే ఏదో ఒక దర్వాజా, ఆపైన నది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఉత్తరపు ఒడ్డున, కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ భవనం లేచింది. దాని నీడన బజార్లు పెరిగాయి. నేటి సుల్తాన్ బజార్ ఆ పెరుగుదలలోదే. 1806లో హుస్సేన్ సాగర్‌కు అవతల సికింద్రాబాద్ ఏర్పడితే, రెండు ఊళ్లకూ చెరువు కట్టే రహదారి అయింది. నీళ్లు ఆపడానికి కుతుబ్‌షాహీల కాలంలో పోసిన మట్టికట్ట, రెండు వందల ఏళ్లు దాటాక జంట నగరాలకు ట్యాంక్ బండ్ రోడ్డయింది. 1908 సెప్టెంబరు వరదలో వంతెనలు కొట్టుకుపోయినప్పుడు రెండు ఒడ్డులూ ఎలా విడిపోయాయో నగరం కళ్లారా చూసింది. ఆ తర్వాత కలిగినవాళ్లు ఉత్తరం వైపు తరలడం పెరిగింది. వరద భయం ఒక్కటే దీనికి కారణమంటే నేనొప్పుకోను. కొత్త కొలువులు, రైలు, దుకాణాలు అప్పటికే నదికి ఆ వైపు చేరుతున్నాయి. రోజూ వంతెన దాటే పని తప్పించుకోవడం కూడా వాళ్ల లెక్కలో ఉండే ఉంటుంది.

రైలుమార్గం కథ ఇంకా విచిత్రం. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు బండి నడవడం మొదలైంది. బొంబాయి–మద్రాసు లైనుతో నిజాం రాజ్యాన్నీ, సికింద్రాబాద్ సైన్యాన్నీ కలపడం దాని ప్రయోజనం. బేగంపేట, హఫీజ్‌పేట, లింగంపల్లి మీదుగా పోయే ఆ పట్టాలు ఒకనాటికి నగరం మధ్యలో పడతాయని అప్పుడు ఎవరూ ఊహించే అవకాశం లేదు. అవన్నీ పొలాలూ బండరాళ్లూ. స్వాతంత్ర్యం తర్వాత బాలానగర్‌లో ఐడీపీఎల్, రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వంటి పెద్ద కర్మాగారాలు పట్టాలకు ఉత్తరాన వచ్చాయి. వాటి వెంట కూకట్‌పల్లి నిండింది, హౌసింగ్ బోర్డు కాలనీ పెరిగింది. ఇక 1998 నవంబరులో హైటెక్ సిటీలో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అది పట్టాలకు దక్షిణాన ఉంది. ఇళ్లు ఒక వైపు, కొత్త జీతాలు మరో వైపు. మధ్యలో దాటే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. హైటెక్ సిటీ స్టేషన్ దగ్గరి అండర్ బ్రిడ్జిని సాయంత్రం ఆరున్నరకు చూస్తే ఈ చరిత్రంతా ఒక్క చోట కనిపిస్తుంది. పైన గూడ్సు బండి తాపీగా పోతుంటుంది. కింద బైకులు కార్ల అద్దాలకు రాసుకుంటూ సందు వెతుక్కుంటాయి. వాన పడితే గోడ వారన నీళ్లు నిలిచి, రెండు వరుసలు ఒకటవుతాయి. స్కూటీ మీది మనిషి కాళ్లు పైకెత్తుకుని దాటుతాడు. కైతలాపూర్ దగ్గర పట్టాల మీదుగా మరో వంతెన రావడానికి 2022 జూన్ దాకా ఆగాల్సి వచ్చింది. సైబర్ టవర్స్ వచ్చాక ఇరవై మూడేళ్లు దాటిన మాట అది.

పాత ఫ్యాక్టరీలకు ఈ తంటా తక్కువ. బీహెచ్‌ఈఎల్ తన కార్మికులకు పక్కనే టౌన్‌షిప్ కట్టింది. క్వార్టర్ దొరికినవాడికి సైరన్ వినపడే దూరంలో ఇల్లు. ఐటీ కంపెనీలు క్వార్టర్లు కట్టలేదు. మొదట్లో క్యాబులు పంపాయి, కొన్ని బస్సులు పెట్టాయి. ఇల్లు ఎక్కడ తీసుకోవాలన్న లెక్క మాత్రం ఉద్యోగి మీదే పడింది. ఆ ఉద్యోగికి అడ్డం వచ్చేవి పట్టాలొక్కటే అనుకుంటే పొరపాటు. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణానికి మొదట ఇచ్చిన నేల సుమారు 2,300 ఎకరాలు. ఆ పచ్చదనం నగరానికి మేలే, నేను కాదనను. అయితే నల్లగండ్ల, గోపన్‌పల్లి వాళ్లు గచ్చిబౌలికి రావాలంటే దాని ప్రహరీ చుట్టూ తిరగాలి. ఇటు జూబ్లీహిల్స్‌కూ మాదాపూర్‌కూ మధ్య దుర్గం చెరువు. 2020 సెప్టెంబరులో దాని మీద తీగల వంతెన తెరిచేదాకా, ఎదురుగా కనిపించే ఆఫీసుకు చుట్టుదారిన పోవలసిందే. నైరుతి దిక్కున గండిపేట, హిమాయత్ సాగర్ చెరువుల కోసం 1996లో ఇచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలను కట్టడి చేసింది. దాంతో ఆఫీసుల వరద అంతా రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ మీదుగా ఒక ఇరుకు పట్టీలో సర్దుకుంది.

జనం దారి చూసి ఇల్లు తీసుకోరు, పిల్లల బడి, మంజీరా నీళ్లు, చుట్టాలు ఉన్న చోటు చూస్తారు అనేవాళ్లున్నారు. నిజమే. అయితే చుట్టాలు ఆ చోటికి ఎలా చేరారో కూడా అడగాలి. నల్లగొండ, విజయవాడ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఎల్బీనగర్, వనస్థలిపురంలో ఎక్కువ. వరంగల్ వాళ్లకు ఉప్పల్. సొంతూరి బస్సు నగరంలో అడుగుపెట్టే మూలనే వాళ్లు దిగిపోయారు. ఈ సూత్రానికి లొంగనిది కూకట్‌పల్లి. కోస్తా జిల్లాల వాళ్లు ఊరి తూర్పు కొస దాటి ఇంత దూరం వచ్చి స్థిరపడ్డారు. అక్కడ పనిచేసింది సొంతూరి దారి కాదు, ఫ్యాక్టరీల దారి. ఏదైతేనేం, ఒకప్పటి దారి చూసి కుదిరిన కాపురాలు, ఉద్యోగాలు పడమటికి కదిలినా అక్కడే ఉండిపోయాయి. ఎల్బీనగర్ ఉద్యోగి రోజూ ఊరంతా దాటి రాయదుర్గం పోవడం వెనక కథ ఇదే.

మెట్రోతో ఇదంతా పాత సంగతి అయిందన్న మాటలో కొంత బలముంది. ఎల్బీనగర్ మనిషికి అది నిజంగా మేలు చేసింది. కూకట్‌పల్లి మనిషి సంగతి వేరు. మియాపూర్–ఎల్బీనగర్ లైను పట్టాలకు ఉత్తరాన మొదలై అమీర్‌పేటకు వస్తుంది. నాగోల్–రాయదుర్గం లైను అమీర్‌పేట మీదుగా హైటెక్ సిటీకి పోతుంది. అంటే ఎదురుగా ఉన్న ఆఫీసుకు తూర్పున అమీర్‌పేట దాకా పోయి, బండి మారి, మళ్లీ పడమటికి రావాలి. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లకు హైటెక్ సిటీలో స్టేషనుంది గానీ, అవి నడిచేది ఆ పట్టాల వెంబడే, అడ్డంగా దాటించేవి కావు. పైగా అదే లైను మీద దూరపు రైళ్లూ గూడ్సులూ పోవాలి.

ఔటర్ రింగ్ రోడ్డును చూపించి దూరమే పోయిందనేవాళ్లకు నా జవాబు వేరు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు ఎక్కడపడితే అక్కడ ఎక్కేది కాదు. ఇంటర్‌చేంజ్ దగ్గరే ఎక్కాలి, దిగాలి. కాబట్టి దాని పక్కన ఉండడం వేరు, దాని మీదికి వెళ్లగలగడం వేరు. మార్కెట్‌కు ఈ తేడా బాగా తెలుసు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం 100.75 కోట్లకు పోయింది. ఆ లేఅవుట్‌ను ఔటర్‌తో కలపడానికి ప్రత్యేకంగా ఇంటర్‌చేంజ్ తలపెట్టారు. ఆ ధరలో నేలకు ఎంత, ర్యాంపుకు ఎంత అని విడదీయడం నాకు చేతకాదు. అయితే ఔటర్ మీదికి బైకులనూ ఆటోలనూ రానివ్వరు. బైకు మీద తిరిగే సెక్యూరిటీ గార్డుకు, బస్సు మీద ఆధారపడే హౌస్‌కీపింగ్ మనిషికి ఆ ర్యాంపు లేనట్టే. అందుకే ఊరి చివర చవకగా రెండు గదులు దొరికినా వాళ్లలో చాలామంది పోరు. కొండాపూర్ పక్క సిద్ధిఖ్‌నగర్ లాంటి బస్తీల్లో, ఎదురింటి గోడకు చేయి అందేంత ఇరుకు సందుల్లో, ఒక్క గదికి ఎక్కువ అద్దె ఇచ్చి ఉంటారు. డ్యూటీకి నడిచి పోతారు.